చుక్క లేని చిప్పు

మేడ మీద గది,
ఫిబ్రవరి 9

ఫ్యూజక్కకి,

ఫోన్ చేస్తే నువ్వు రెండో మాటకే పెట్టేస్తావు. ఉత్తరమైతే విప్పాక చివరిదాకా చదవక తప్పదు, నీ సంగతి నాకు తెలుసు. అందుకే కాగితం పట్టాను. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ రాసి తిట్టు.

నాన్న ఇచ్చిన చిప్పులతో ఒక వాయిద్యం కడుతున్నాను. అవే, పాత ఆటల కంప్యూటర్లలోంచి ఊడదీసి మాత్రల డబ్బాలో దాచుకున్న రెండు శబ్దం చిప్పులు. ఒక్కోదానిలో మూడు గొంతులు ఉంటాయట. దీన్ని సింథసైజర్ అంటారు గానీ, ఇప్పటికి చూడ్డానికి బిస్కెట్ల డబ్బాకి తీగలు మొలిచినట్టుంది. ఎడమ చెవికి ఒక చిప్పు, కుడి చెవికి ఒకటి వచ్చేలా రెండు సాకెట్లు పెట్టాను. మా నాటక బృందం జూన్‌లో ఒక మాటల్లేని నాటకం వేస్తోంది. వాన, అడుగుల చప్పుడు, మొగుడూపెళ్ళాల పోట్లాట, అన్నీ ఈ పెట్టెలోంచే రావాలి. దర్శకుడికి నేను మాటిచ్చేశాను.

గొడవల్లా కరెంటు దగ్గర వచ్చింది. పాత టెలిఫోన్ అడాప్టర్ ఒకటి తగిలిస్తే, చిప్పులు పెట్టకముందే స్పీకర్‌లో గుర్రుమని ఒకటే మోత. భయమేసి చిప్పులు డబ్బాలోంచి బయటికే తీయలేదు.

నాలుగు సంగతులు చెప్పు. ఒకటి, ఈ అడాప్టర్ మార్చాలా? రెండు, నాన్న పుస్తకంలో చిప్పు బొమ్మ పక్కన ఐదు వోల్టులు, పన్నెండు వోల్టులు అని ఉంది, ఆ రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి తీయొచ్చా? మూడు, ఈ రెండు చిప్పులూ ఒకటేనా, లేక ఒకదాన్ని వేరేగా చూసుకోవాలా? పైన నంబర్లు నాన్న గరుకు కాగితంతో గీకేశాడు, ఒకదాని మీద మాత్రం ఎర్ర చుక్క ఉంది. నాలుగు, ఈ గుర్రు ఎలా పోతుంది?

బావగారిని అడిగానని చెప్పు.

పిట్ట

*

వర్క్‌షాపు, భోజనాల వేళ,
ఫిబ్రవరి 20

పిట్టకి,

చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది, రెండోసారి కడుపు మండింది. మూడోసారి చదివితే ఇంకేం మండుతుందోనని మడిచి క్యారేజీ కింద పెట్టాను.

నాకు కుళ్ళు. దాచుకోవడమెందుకు? పన్నెండేళ్ళు నాన్న రిపేరు కొట్టులో ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. బడి నుంచి వస్తూనే సంచి కింద పడేసి సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేదాన్ని. కాలిన వేళ్ళకి పేస్టు రాసుకుని మళ్ళీ కూర్చునేదాన్ని. నేను కట్టిన రేడియో పలికితే ఆయన "సరే, పక్కన పెట్టు" అనేవాడు. నువ్వు గడపలో నిలబడి కూనిరాగం తీస్తే మాత్రం చేతిలో పని ఆపి, తల ఎత్తి వినేవాడు. ఒక్కరోజు, ఒక్కరోజంటే ఒక్కరోజు నేను చేసినదానికి తల ఎత్తలేదు. ఆఖరికి పోయే ముందు ఆ చిప్పులు నీ చేతిలో పెట్టాడు. ఆ రోజు నేను ఇక్కడ ఎవరిదో అర్జెంటు స్టెబిలైజర్‌కి తీగ చుడుతున్నాను. నా వాటాకి బల్ల వచ్చింది, ముల్లు వంగిపోయిన మీటరు వచ్చింది. బల్లకి ఒక కాలు పొట్టి.

ఇప్పుడు ఆ చిప్పులకి కరెంటు నేను పెట్టాలా? బాగుందే నీ వరస.

సరే. పని అడిగావు కాబట్టి పని చెబుతాను. మొదటిదానికి జవాబు: ఆ అడాప్టర్ చెత్తబుట్టలో పారెయ్యి. రెండోదానికి: తీయొచ్చు, కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు చుట్లు వేరువేరుగా వెయ్యాలి, ఐదుకి ఒకటి, పైదానికి ఒకటి. నాన్న అనేవాడు గుర్తుందా, ఐదు వోల్టులు చిప్పు బుర్రకి, పైది దాని గొంతుకి అని. నీకెలా గుర్తుంటుంది, నువ్వు అక్కడ లేవుగా. నాలుగోదానికి: నువ్వు నేల తీగలన్నీ, అదే ఎర్త్ తీగలు, ఒకదానికొకటి గొలుసులా కలుపుకుంటూ పోయి ఉంటావు. వాటన్నిటినీ ఒక్క బోల్టు దగ్గరికి తెచ్చి కట్టు, సగం గుర్రు అక్కడే చస్తుంది. మిగతా సగం కెపాసిటర్ మింగుతుంది.

సప్లై నేనే కట్టి పంపుతాను. నీ చేతికి వదిలితే ఇల్లు తగలబెడతావు. చిప్పులు పెట్టకుండా నీ బోర్డు ఎంత కరెంటు లాగుతోందో మీటరు పెట్టి కొలిచి రాయి. పెట్టె ఇనుమా, ప్లాస్టిక్కా, అదీ రాయి.

ఉత్తరం సంగతి చెబితే మీ బావ ఏమన్నాడో తెలుసా? "మీ చెల్లెలికి పంపేది కరెంటా, షాకా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఫ్యూజు

*

మేడ మీద గది,
మార్చి 6

అక్కా,

తిట్లన్నీ అందాయి. కొన్ని నాకు రావాల్సినవే.

బోర్డు ఐదు వోల్టుల దగ్గర నూట పది మిల్లీఆంప్స్ లాగుతోంది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే వచ్చింది. పెట్టె ఇనుముదే, పైన కీబోర్డుకి మాత్రం చెక్క. నేల తీగలన్నీ ఊడదీసి ఒక్క బోల్టుకి కట్టాను. సగం గుర్రు నిజంగానే పోయింది. ఎలా తెలుస్తాయే నీకు ఇవన్నీ, కళ్ళతో చూడకుండానే?

మొన్న పత్రికవాళ్ళు వచ్చి రిహార్సల్ ఫోటో తీసుకున్నారు. పెట్టెలో ఇంకా ప్రాణమే లేదు, నేను మాత్రం కీల మీద వేళ్ళు పెట్టి పోజిచ్చాను. దర్శకుడు అందరి దగ్గరా నన్ను ఇంజనీరు అంటున్నాడు. సిగ్గేసింది గానీ కాదనలేదు.

నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట గుచ్చుకుంది. "నువ్వు అక్కడ లేవుగా" అన్నావు. నిజమే, నేను గడప దగ్గరే ఉన్నాను. గడప లోపలికి నన్నెవరు రానిచ్చారు?

పోనీలే. నా మూడో ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు. రాసేంత సంగతేం లేదనుకున్నావేమో. రెండు చిప్పులూ ఒకటే అయితే ఏమీ రాయకు, నాకర్థమవుతుంది. ఊరికే విసిగించడం నాకూ ఇష్టం లేదు.

పిట్ట

*

వర్క్‌షాపు,
ఏప్రిల్ 2

పిట్టకి,

పార్సెల్ ఈ ఉత్తరంతోపాటే వస్తుంది. బరువుగా ఉంటుంది, కుర్చీ మీద పెట్టకు.

ట్రాన్స్‌ఫార్మర్ కొన్నది కాదు, నేనే చుట్టాను. ఇక్కడ పని అయిపోయాక మూడు రోజులు రోజూ గంటసేపు కూర్చుని చుట్టాను. ప్రతి వరసకీ మధ్య కాగితం వేసి, వార్నిష్‌లో ముంచి, రెండు రోజులు ఆరబెట్టాను. చెవి ఆనించి విను, మూలుగు కూడా ఉండదు. మా యజమాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ ఆసుపత్రి ఆర్డరు అని అడిగాడు. మా చెల్లెలి ఆటబొమ్మకి అన్నాను.

ఎర్ర తీగ ఐదు వోల్టులు. నీలం తీగ పన్నెండు. నలుపు నేల. రెండు సాకెట్లకీ నీలం తీగే వెళ్ళేలా కనెక్టర్ బిగించాను. నువ్వు దేన్నీ విప్పక్కర్లేదు, తోసి బిగిస్తే చాలు. రెగ్యులేటర్లని ఇనుప రేకుకి బిగించాను, కొంచెం వేడెక్కుతాయి, కంగారు పడకు. లోపల ఒక మూల పసుపు టేపు చుట్టిన తీగ ముక్క కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకు. దాంతో నీకు పని లేదు.

ముందు చిప్పులు పెట్టకుండా ఆన్ చేసి మీటరుతో చూడు. అంకెలు సరిగ్గా వచ్చాకే చిప్పు పెట్టు. పెట్టేముందు చేత్తో ఇనుప పెట్టెని ఒకసారి తాకు, ఒంట్లో ఉన్న కరెంటు దిగిపోతుంది.

పత్రికలో ఫోటో చూశాను. మీ బావ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాడు. మంచినీళ్ళకి వెళ్ళినప్పుడల్లా నీ మొహమే. ఇంజనీరట. పన్నెండేళ్ళు పొగ పీల్చిన దానికి ఎవరూ ఆ బిరుదు ఇవ్వలేదు. నువ్వు ప్రాణం లేని పెట్టె మీద వేళ్ళు పెట్టి నవ్వితే వచ్చేసింది. నాన్న ఉంటే ఆయనే అంటించేవాడేమో ఫ్రిజ్ మీద.

ఇంక రాయడానికేం లేదు.

ఫ్యూజు

*

మేడ మీద గది,
ఏప్రిల్ 19

అక్కా, అక్కా,

పలికింది. ఎర్ర చుక్క చిప్పు పలికింది.

నువ్వు చెప్పినట్టే ముందు మీటరు పెట్టాను. ఐదంటే ఐదు, పన్నెండంటే పన్నెండు, ముల్లు అటూ ఇటూ కదల్లేదు. ఇనుప పెట్టెని ఒకసారి కాదు, పదిసార్లు తాకాను. చిప్పు సాకెట్లో గుచ్చి ఆన్ చేశాక ఏమీ వినిపించలేదు. ఏమీ అంటే ఏమీ లేదు, గుర్రు కూడా లేదు. చచ్చిందనుకున్నాను. తీరా కీ నొక్కితే ఆ నిశ్శబ్దంలోంచి వచ్చింది గొంతు. కొంచెం బొంగురు, కొంచెం ముక్కుతో పాడినట్టు. కింద వాటాలో ఆవిడ పైకొచ్చి ఎవరిదమ్మా ఆ గొంతు అని అడిగింది.

నీ సప్లైని అందరికీ చూపించాను. మా లైట్లబ్బాయి మూత తీసి లోపల చూసి, ఇంత శుభ్రంగా తీగలు కట్టినవాళ్ళని తను చూడలేదన్నాడు. ఒక్క పసుపు టేపు సంగతే అతనికి అర్థం కాలేదు. అక్క ముట్టుకోవద్దంది అని మూత వేసేశాను.

రెండో చిప్పు ఇప్పుడే పెట్టను. ఈ ఒక్కదానితో రాగాలన్నీ సర్దుకున్నాక, జూన్ మొదటి ఆదివారం పెడతాను. నాటకం ఆ తరువాతి శనివారమే. అప్పుడు కుడి చెవి కూడా తెరుచుకుంటుంది.

నువ్వు రావాలి. బావగారిని కూడా తీసుకురా. ముందు వరసలో రెండు కుర్చీలు ఆపాను.

పిట్ట

*

వర్క్‌షాపు,
మే 21

పిట్టకి,

నువ్వు పంపిన పోస్టరు అందింది. నిలువునా నీ బొమ్మ. కింద "వాయిద్య నిర్మాణం, సంగీతం" అని నీ పేరు, చెవిలో అరిచినట్టు అంత పెద్ద అక్షరాలు. కుర్చీలు సర్దేవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం లేదు. ఉండదు కూడా. సప్లై పనిచేస్తున్నంతకాలం ఎవరికీ గుర్తు రాదు, ఆగినప్పుడే మమ్మల్ని పిలుస్తారు. అది నాకు కొత్త కాదు, చిన్నప్పటినుంచీ అలవాటే.

నాటకానికి రాను. పని ఉంది. పని లేకపోయినా రాను. జనం మధ్యలో కూర్చుని నీకు చప్పట్లు కొట్టేంత పెద్ద మనసు నాకు లేదు.

కింద రెండు పంక్తులు రాసి కొట్టేశాను. వెలుతురుకి పట్టి చదవాలని చూడకు, కనిపించకుండా నాలుగుసార్లు గీశాను. పెద్ద విషయమేం కాదు.

ఫ్యూజు

*

మేడ మీద గది,
జూన్ 24

అక్కా,

నాటకం అయిపోయింది. అంతా బాగానే జరిగింది. జనం నిండుగా వచ్చారు. పెట్టె బాగా పనిచేసింది, ఎక్కడా ఆగలేదు.

తెర పడ్డాక నన్ను మైకు ముందుకి లాగారు. ఏం మాట్లాడాలో తెలియక, దీనికి కరెంటు పెట్టింది మా అక్క అని చెప్పాను. పోస్టరులో నీ పేరు వేయించకపోవడం నా తప్పే. రికార్డింగ్ పంపుతున్నాను, తీరిక ఉన్నప్పుడు విను.

రెండు కుర్చీలూ ఖాళీగానే ఉంచాను.

నాకు కొంచెం ఒంట్లో బాగాలేదు. జవాబు ఆలస్యమైనా ఏమీ అనుకోకు.

పిట్ట

*

ఇంట్లో, నాన్న బల్ల దగ్గర,
జులై 3

పిట్టకి,

రికార్డింగ్ విన్నాను. చెవులకి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఈ బల్ల ముందే కూర్చుని విన్నాను. వాన ఎడమ చెవిలో పడింది. అడుగులు ఎడమ చెవిలోనే నడిచాయి. మొగుడూపెళ్ళాలిద్దరూ ఎడమ చెవిలోనే పోట్లాడుకున్నారు. కుడి చెవిలో ఏమీ లేదు. చివర్లో నువ్వు మైకులో "మా అక్క" అన్నప్పుడు, ఆ తరువాత చప్పట్లు కొట్టినప్పుడు మాత్రం రెండు చెవుల్లోనూ వినిపించింది.

రెండో చిప్పు పోయింది కదూ? నీ చేతి తప్పనుకుని నా దగ్గర దాచావు కదూ? నీ తప్పేం లేదు. కూర్చుని చదువు.

ఆ రెండు చిప్పులూ ఒకటి కాదు. చూడ్డానికి ఒకటే, కాళ్ళూ అన్నే. కానీ పాతరకం దానికి పన్నెండు వోల్టులు కావాలి, తరువాత వచ్చినదానికి తొమ్మిదే. తొమ్మిదిదానికి పన్నెండు పెడితే కాసేపు పాడి కాలిపోతుంది. ఎదురు కొట్టువాడు తన పని చూసి నకలు కొడుతున్నాడని నాన్న అన్ని చిప్పుల మీదా నంబర్లు గీకేసేవాడు, నీకు తెలుసు. మరి తనకెలా తెలిసేది? అమ్మ పోయాక ఆవిడ గోళ్ళరంగు సీసా బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. పన్నెండుదానికి ఒక చుక్క పెట్టేవాడు, తొమ్మిదిదాన్ని వట్టిగా వదిలేసేవాడు. నాకు పదిహేనేళ్ళప్పుడు చెప్పాడు. "ఇది నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు" అన్నాడు. ఆయన నాకిచ్చిన ఆస్తి అదొక్కటే, అందుకే పట్టుకుని వేళ్ళాడాను.

నువ్వు మూడో ప్రశ్న అడిగిన రోజే జవాబు నాలుక చివర ఉంది. ఒకటే అయితే ఏమీ రాయకు అని నువ్వే దారి చూపించావు. నేను ఏమీ రాయలేదు. అంతే, అబద్ధం కూడా ఆడక్కర్లేకపోయింది.

సప్లై మూత విప్పి చూడు. పసుపు టేపు తీయి. దాని కింద ఉన్నది తొమ్మిది వోల్టుల తీగ. మూడో రెగ్యులేటర్ కూడా పెట్టి, బిగించి, కొలిచి మరీ చూశాను. రెండో సాకెట్‌కి వెళ్ళాల్సింది అదే. పార్సెల్ కట్టే రోజు పొద్దున ఆ తీగ కత్తిరించి టేపు చుట్టి, నీలం తీగ లాగి అక్కడ కలిపాను. సరిగ్గా కట్టడానికి మూడు రోజులు పట్టింది, చెడగొట్టడానికి మూడు నిమిషాలు.

మే నెల ఉత్తరంలో నేను కొట్టేసిన పంక్తులు ఏంటంటే, "చుక్క లేనిదాన్ని పెట్టకు, నేను చెప్పేదాకా ఆగు." రాశాను. తరువాత పోస్టరు మళ్ళీ కళ్ళబడింది. జూన్ మొదటి ఆదివారం ఫోన్ చేతిలోనే ఉంది. బట్టలు ఆరేస్తూ కూడా చేతిలోనే పట్టుకున్నాను. నంబరు నొక్కలేదు.

నీ నాటకం ఆగిపోవాలని కాదు నా ఉద్దేశం. నువ్వు నలుగురిలో నవ్వులపాలవ్వాలనీ కాదు. ఒకటి పోవాలి, అంతే. నీకు రెండెందుకు, నాకు ఒక్కటీ లేకుండా ఎందుకు? అదొక్కటే తిరిగింది నా బుర్రలో నాలుగు నెలలపాటు. ఎంత కుళ్ళిపోయానో నాకే తెలియలేదు. చప్పట్లు నా కోసం కూడా కొట్టారని ఇప్పుడు వింటున్నాను, ఒంటికి బురద పూసుకున్నట్టుంది.

ఏం తిడతావో తిట్టు. రాసి తిట్టు.

అక్క

*

మేడ మీద గది,
జులై 15

అక్కా,

తిట్టడానికే కూర్చున్నాను. తిట్లు రాయడం నా వల్ల కాలేదు. కారణం చివర్లో తెలుస్తుంది.

ఆ ఆదివారం పొద్దున పదింటికి చుక్క లేనిదాన్ని పెట్టాను. ఏడు నిమిషాలు పాడింది. అక్కా, ఆ గొంతు నీకెలా చెప్పను? ఎర్ర చుక్కదానికి బొంగురుంది కదా, దీనికి లేదు. నీళ్ళలా ఉంది. ఏడో నిమిషంలో శ్రుతి జారడం మొదలైంది. నా వేళ్ళ తప్పేమోనని ఇంకా గట్టిగా నొక్కాను. తరువాత వాసన వచ్చింది. చిప్పు మీద వేలు పెడితే చర్మం అంటుకుంది, బొబ్బ ఇప్పటికి మానింది. సాకెట్లో తిరగేసి గుచ్చానేమో, కాలు ఒకటి వంగిందేమో అని రోజంతా భూతద్దం పెట్టి చూసి ఏడ్చాను. నీకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. నీ చేతి పని అంత శుభ్రంగా ఉంటే, తప్పు నాది కాక ఎవరిదవుతుందనుకున్నాను.

ఇప్పుడు నా సంగతి విను.

నువ్వు అనుకుంటున్నావు, నేను గడపలో పాడుతుంటే నాన్న మురిసిపోయి తల ఎత్తేవాడని. నేనెందుకు పాడేదాన్నో ఎప్పుడైనా అడిగావా? లోపలికి వస్తే "పొగ గొంతుకి మంచిది కాదు, నువ్వు వెళ్ళు" అని అద్దాల తలుపు వేసేసేవాడు. లోపల మీరిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏవో గుసగుసలాడుకునేవారు. నాకు పెదాలు కదలడం మాత్రమే కనిపించేది. ఆయన తల ఎత్తాలంటే నాకు తెలిసిన దారి పాడటం ఒక్కటే. ఒక్క పాటకి ఒక్క చూపు. నీకు పన్నెండేళ్ళు. నాకు కుళ్ళు లేదనుకున్నావా?

ఆయన ఆ డబ్బా నా చేతికిచ్చిన రోజు నువ్వు వర్క్‌షాపులో ఉన్నావు. ఇస్తూ, నీకు కూడా చూపించమన్నాడు. ఇంటికి తెచ్చి విప్పితే, చిప్పులు గుచ్చిన నల్ల స్పాంజి కింద ఒక చీటీ ఉంది. ఆయన చేతిరాతే, అక్షరాలు వంకర్లు పోయాయి. చదివి మళ్ళీ స్పాంజి కిందే పెట్టేశాను. నీకు చూపించలేదు. ఇదొక్కటైనా మొత్తం నాదే కావాలనిపించింది. అందుకే మొదటి ఉత్తరంలో ఆ మూడో ప్రశ్న అంత డొంకతిరుగుడుగా అడిగాను. రెండోసారి గట్టిగా అడిగితే, నీకెందుకొచ్చింది ఆ అనుమానం అంటావు. అప్పుడు చీటీ చూపించాలి. అందుకే ఒకటే అయితే ఏమీ రాయకు అన్నాను. దారి నీకు కాదు, నాకోసం వేసుకున్నాను. నువ్వు ఏమీ రాయకపోయేసరికి, తేడా ఏదైనా ఉంటే నీ సప్లైలోనే సర్దేసి ఉంటావనుకున్నాను.

చీటీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"చుక్క ఉన్నది పిట్టకి. చుక్క లేనిది ఫ్యూజుకి. అది నాజూకుది. ఎలా చూసుకోవాలో ఫ్యూజుకి ఒక్కదానికే తెలుసు."

కాలిపోయింది నీదక్కా.

పిట్ట

*

ఇంట్లో, నాన్న బల్ల దగ్గర,
ఆగస్టు 11

పిట్టకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మొదటి వారం నిన్ను తిట్టడానికి నాలుగు కాగితాలు రాశాను. చించేశాను. రెండో వారం నన్ను తిట్టుకుంటూ రాశాను. అవీ చించేశాను. మూడో వారం వర్క్‌షాపులో మూడు ట్రాన్స్‌ఫార్మర్లు తప్పు చుట్టాను. యజమాని ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉందన్నాను.

చీటీ దాచినందుకు నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. నువ్వు కూడా నా మీద కోపం పోయిందని రాయకు, నేను నమ్మను. కానీ గడప సంగతి నాకు నిజంగా తెలియదు. అద్దాల తలుపుకి లోపలి వైపు కూర్చున్నదానికి, బయట ఉన్నదాని మొహం ఎప్పుడూ సరిగ్గా కనిపించలేదు.

సప్లైలో నీలం తీగ రెండో సాకెట్ నుంచి ఊడదీసెయ్యి. పసుపు టేపు కింద ఉన్నదాన్ని దాని చోట కలుపు. బొమ్మ గీసి దీంతో పంపుతున్నాను. సాకెట్ ఖాళీగా ఉన్నా సరే, దానికి వెళ్ళాల్సిన తొమ్మిది వోల్టులే వెళ్ళాలి.

చీటీ పంపు. నకలు వద్దు, అసలుదే పంపు.

చిప్పు కూడా పంపు. అది నాది. కాలిపోయిందిగా అని కవర్లో పడేయకు. నల్ల స్పాంజిలో గుచ్చి పంపు, కాళ్ళు వంగకూడదు.

అక్క